గట్టు తగాదా: టేపుతో తేలేదేది, సర్వేయరు తేల్చేదేది, కోర్టు దాకా పోయేదేది

రెండు తోటల మధ్య 200 అడుగుల హద్దు ఉందనుకోండి. కంచె ఒక అడుగు ఇటు జరిగింది. పోయింది 200 చదరపు అడుగులు. సెంటంటే 435.6 చదరపు అడుగులు కాబట్టి ఇది అర సెంటు కూడా కాదు. ఈ అర సెంటు కోసం నెల్లూరు జిల్లా పొదలకూరు పక్క నిమ్మతోటల్లోనూ, ప్రకాశం జిల్లా జామాయిల్ తోటల్లోనూ గెనిమకు, అంటే పొలం గట్టుకు, అటూ ఇటూ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మాటలు మానుకుంటారు. అలాగని వదిలేయమని చెప్పడం లేదు. అదే అడుగు నెల్లూరు ఊరి అంచున 30 అడుగుల ప్లాటులో పోతే ఇంటి ప్లానే మారిపోతుంది. కాబట్టి గొడవకు దిగేముందు కాగితం తీసుకుని మూడు అంకెలు రాసుకోండి: హద్దు పొడవు, జరిగిందనుకుంటున్న వెడల్పు, ఆ చోట సెంటు ధర. కొన్ని తగాదాలు ఆ కాగితం దగ్గరే చల్లబడతాయి.

ఒక జాగ్రత్త. మాటల్లో అంకణాలు వస్తే వెంటనే చదరపు అడుగుల్లోకి మార్చుకోండి. అంకణమంటే 72 చదరపు అడుగులని లెక్కేసేవాళ్లున్నారు, 36 అని లెక్కేసేవాళ్లూ ఉన్నారు. ఒకాయన ఒక లెక్కలో, ఇంకొకాయన మరో లెక్కలో మాట్లాడుతూ పొద్దంతా పంచాయితీ నడిపితే ఏం తేలుతుంది?

ముందు అది ఏ తగాదానో తేల్చుకోండి

కంచె తగాదా అని అందరూ ఒకే పేరు పెడతారు గానీ, అందులో మూడు రకాలున్నాయి.

మొదటిది గీత తగాదా. అసలు హద్దు ఎక్కడ అన్నదే ఇద్దరికీ తెలియదు, లేదా చెరొక చోట చూపిస్తున్నారు. రెండోది స్వాధీనం తగాదా. గీత ఎక్కడో తెలుసు, అవతలివాళ్లు దాటి వచ్చారు, వెనక్కి పోవడం లేదు. మూడోది కంచె తగాదా. గీత మీద పేచీ లేదు. రాతి స్తంభాల ఖర్చు ఎవరిది, జామాయిల్ నీడ పడి పైరు ఎదగడం లేదు, గోడ కట్టాక వాననీళ్లు ఎటు పోవాలి, ఇవీ గొడవలు.

ఎక్కువమంది డబ్బు, కాలం పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి రకాన్ని పోలీసుస్టేషనుకు తీసుకెళ్తారు, అక్కడ గీత గీసేవాళ్లెవరూ ఉండరు. రెండో రకానికి సర్వేయరుకు మళ్లీ మళ్లీ అర్జీ పెడతారు, ఆయన రాయి పాతగలడు గానీ పక్కాయన కంచె పీకలేడు. మూడో రకానికి కోర్టు నోటీసు పంపి, మాటతో తెమిలేదాన్ని పదేళ్ల పగ చేసుకుంటారు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఏ దారి పట్టాలన్నా ఈ నాలుగూ చూసుకోవాలి. ఆ తీర్పు పక్కాయన ఒప్పుకోకపోయినా చెల్లుతుందా? అయ్యే ఖర్చు పోయే నేల విలువకు లోపలే ఉంటుందా? ఎంత కాలం పడుతుంది? తేలాక కూడా ఒకే కాలవ నీళ్లు, ఒకే బండిబాట వాడుకోవాల్సిన మనుషులేనా?

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం: మీ నేలకు గీత చూపించే కాగితం ఉందా? దీని దగ్గర కాస్త ఆగాలి.

చాలామంది 1-బి, అడంగల్, పాసుపుస్తకం పట్టుకొచ్చి ఇదిగో హద్దు అంటారు. అవి విస్తీర్ణం చెబుతాయి, ఎవరి పేరు మీద ఉందో చెబుతాయి. గీత ఎక్కడ నడుస్తుందో చెప్పవు. పొలానికీ తోటకూ గీత చెప్పేది ఎఫ్‌ఎంబి పటం, అంటే సర్వే నంబరు వారీగా కొలతలతో గీసిన సర్వే శాఖ పటం. అందులో ప్రతి గీత పక్కన పొడవు రాసి ఉంటుంది, పాత పటాల్లో లింకుల్లో. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, కాబట్టి లింకు 0.66 అడుగు. పటంలో 303 అని ఉంటే నేల మీద 200 అడుగులు.

ఆ అంకెలనే నమ్మండి, పటం మీద స్కేలు పెట్టి కొలవకండి. 1:2000 స్కేలు పటంలో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద ఒక మీటరు. మీరు కొట్లాడుతున్న అడుగు ఆ గీత మందంలోనే మూడుసార్లు ఇమిడిపోతుంది. ఫోనులో ఉపగ్రహ చిత్రం మీద సర్వే నంబర్లు చూపించే యాప్‌ల సంగతి ఇంకా అధ్వానం. ఆరుబయట కూడా ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఊరు ఎటుందో తెలుసుకోవడానికి అది చాలు, రాయి పాతడానికి పనికిరాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే మీ ఊళ్లో పూర్తయి ఉంటే సంగతి వేరు. పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు వచ్చి ఉంటుంది, కొలతలు మీటర్లలో ఉంటాయి, మూలలు రోవరుతో, అంటే ఉపగ్రహ సంకేతాలతో కచ్చితంగా కొలిచే పరికరంతో, తీసినవి. పాత ఎఫ్‌ఎంబీకీ కొత్త పటానికీ తేడా వస్తే రెండు పటాలూ పక్కపక్కన పెట్టుకునే మాట్లాడాలి. సర్వే చట్టం కింద హద్దులు ప్రకటించాక దానిమీద సివిల్ దావా వేయడానికి గడువు ఆ ప్రకటన తేదీ నుంచి మూడేళ్లు. చాలామందికి ఈ గడువు నడుస్తోందనే తెలియదు.

గ్రామకంఠంలోని, అంటే ఊరి ఇళ్లకు వదిలిన నేలలోని, ఇల్లూ పెరడూ అయితే విడివిడి ఇళ్లకు ఎఫ్‌ఎంబీ ఉండదు. అక్కడ దస్తావేజులోని నాలుగు హద్దులే ఆధారం. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన లేనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. లేఅవుట్ ప్లాటుకైతే ఆమోదం పొందిన లేఅవుట్ ప్లానే ముఖ్యం. ప్లాటు కొలత రోడ్డు మూల రాయి నుంచి మొదలుపెట్టాలి, పక్కింటి గోడ నుంచి కాదు. వరసలో మొదటివాడు అడుగు జరిగితే అందరూ అడుగు జరిగి, చివరివాడి ప్లాటులో మాత్రమే తక్కువ కనిపిస్తుంది. ఆయన కొట్లాడేదేమో పక్కింటాయనతో.

దారి 1: ఇద్దరూ కలిసి టేపు పట్టడం

ఖర్చు లేదు, ఒక పూట పని. గీత తగాదాలో సగం ఇక్కడే తేలాలి. తేలకపోవడానికి కారణం చాలాసార్లు కొలిచే తీరే.

మొదట, ఒక రాయి నుంచి కొలవకండి. పాత సర్వే రాళ్లు రెండు దొరకాలి, వాటి మధ్య దూరం ఎఫ్‌ఎంబీలోని అంకెతో కలవాలి. కలిస్తేనే ఆ రెండూ కదలని రాళ్లని లెక్క. గుడ్డ టేపు సాగుతుంది, పక్కన పెట్టేయండి. 30 మీటర్ల స్టీలు టేపో ఫైబర్ టేపో తీసుకోండి. టేపు ఎత్తుపల్లాల వెంట పోకుండా సమమట్టంగా, బిగువుగా పట్టాలి. గుంటలోకి దిగి ఎక్కితే అక్కడే అడుగు పెరిగిపోతుంది. చిల్లకంప అడ్డం ఉంటే కొట్టించాకే టేపు పట్టండి. పొద చుట్టూ తిప్పి కొలిచిన కొలతతో కొత్త పేచీ పుడుతుంది. మార్చి, ఏప్రిల్లో వరి కోతలైపోయాక నేల ఖాళీగా ఉంటుంది, అదే మంచి అదను.

రెండో తప్పు, తగాదా ఉన్న వైపు మాత్రమే కొలవడం. నాలుగు వైపులా కొలవండి. మీ దస్తావేజు 2 ఎకరాలు, పక్కాయనది 2 ఎకరాలు, నేల మీద ఉన్నది 3 ఎకరాల 96 సెంట్లు అనుకోండి. ఆ 4 సెంట్లు ఆయనే తినేశాడనడానికి లేదు. బండిబాట వెడల్పయి ఉండొచ్చు, వాగు గట్టు కోసుకుపోయి ఉండొచ్చు, అవతలి వైపు మూడో మనిషి ఉండొచ్చు.

మూడో తప్పు, గెనిమ అంచు నుంచి కొలవడం. అన్నదమ్ముల పంపకంలో హద్దు అంటే మామూలుగా గెనిమ నడిమి. అంచు నుంచి కొలిస్తే మూరెడు తేడా అక్కడే వస్తుంది. పైగా గెనిమ కదులుతుంది. ట్రాక్టరు గొర్రు ఒకవైపు నుంచి ఏటా నాలుగు వేళ్లు గీరితే, ఆ మట్టి రెండోవైపు జారి, పదేళ్లకు గెనిమ మొత్తంగా పక్కకు నడుస్తుంది. కంప కంచె సంగతీ అంతే. పాత కంప పుచ్చిపోయాక లోపలివైపు చెట్లుంటాయి కాబట్టి కొత్త కంప బయటివైపు వేస్తారు. దొంగబుద్ధి లేకుండానే ఏటా జానెడు పోతుంది. ఈ సంగతి ముందే మాట్లాడుకుంటే ఆక్రమించావన్న మాట నోట్లోంచి రాదు. ‘‘అన్నా, కంప వేసేటప్పుడు జరిగుంటది, మూల రాళ్లు చూద్దాం రా’’ అని మొదలయ్యే కొలతకూ, ‘‘నా నేల తిన్నావు’’ అని మొదలయ్యే కొలతకూ ఫలితం ఒకటి కాదు.

తేలాక రాత పెట్టుకోండి. పటం గీసి, మూల రాళ్ల నుంచి బావి ఒర, బోరు పైపు, కరెంటు స్తంభం లాంటి కదలనివాటికి దూరాలు రాయండి. ఇద్దరి సంతకాలు, చుట్టుపట్ల పొలాలవాళ్లవి రెండు సాక్షి సంతకాలు ఉండాలి. టేపు పక్కన పెట్టి రాయి ఫోటో తీయండి. అయితే ఈ రాత ఉన్న హద్దును గుర్తించడానికే పనికొస్తుంది. ‘‘ఆ మూల నువ్వు ఉంచుకో, ఈ మూల నాకివ్వు’’ అనుకుంటే అది నేల చేతులు మారడం. రిజిస్టరు మార్పిడి దస్తావేజు లేకుండా అది మీ పిల్లల దాకా నిలవదు.

దారి 2: పెద్దమనుషులు

కంచె తగాదాకు, అంటే మూడో రకానికి, ఇంతకు మించిన దారి లేదు. ఖర్చు చెరిసగమా, నీడకు ఎన్ని చెట్లు కొట్టాలి, నీళ్లకు తూము ఎక్కడ వదలాలి, ఇవన్నీ సర్దుబాట్లు. చట్టం కన్నా ఊరి మాట వీటిని బాగా సర్దుతుంది. ఇద్దరికీ మొహమాటమున్న మనిషి కావాలి, ఒక్కరికే చుట్టమైన మనిషి వద్దు.

గీత తగాదాకు మాత్రం పెద్దమనుషులు సగం దారే. వాళ్లు ‘‘చెరి సగం వదులుకోండి’’ అంటారు. సరైన గీత మీద ఉన్నవాడికి అది నష్టం, తప్పు చేసినవాడికి లాభం. కాబట్టి కొలత అయ్యాకే పంచాయితీ పెట్టించండి. ధరావతు పేరుతో ఇద్దరి దగ్గరా డబ్బు కట్టించుకునే పద్ధతి ఉన్నచోట రసీదు లేకుండా ఇవ్వకండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం అసలే వద్దు. ఒకరు మాట తప్పితే ఆ తీర్పును అమలు చేయించే అధికారం పెద్దమనుషులకు లేదు, ఊళ్లో పరువే దానికి బలం. పక్కాయన హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడి ఏడాదికోసారి వచ్చే మనిషైతే ఆ బలం కూడా అంతంతే.

దారి 3: ఎఫ్-లైన్ సర్వే

గీత తగాదాకు సరైన మందు ఇదే. మీసేవలోనో సచివాలయంలోనో హద్దు కొలతకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎఫ్-లైన్ పిటిషన్ అంటే వాళ్లకు తెలుస్తుంది. పాసుపుస్తకం, 1-బి, అడంగల్, దస్తావేజు నకళ్లు, చుట్టూ ఉన్న రైతుల పేర్లు, సర్వే నంబర్లు జత చేయాలి. రుసుము రసీదు దాచుకోండి. సర్వేయరు చుట్టుపక్కల వాళ్లకు నోటీసు ఇచ్చి, చెప్పిన రోజు కొలిచి, రాళ్లు చూపించి, హాజరైనవాళ్ల సంతకాలతో కాగితం రాస్తారు.

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు మూడు. నోటీసు పక్కాయనకు సరిగా అందకపోతే నాకు తెలియకుండా కొలిచారని ఆయన మళ్లీ కొలత అడుగుతాడు, మీ ఖర్చు నీళ్లపాలవుతుంది. కొలిచిన రోజు రాళ్లు సిద్ధంగా లేకపోతే సర్వేయరు మేకులు కొట్టి పోతారు, రాత్రికి ఆ మేకులు ఉండవు. అందుకే నాలుగు రాళ్లు, గడ్డపార, కాస్త సిమెంటు ముందే పొలంలో ఉంచండి. మూడోది, సర్వేయరు ఏ రెండు రాళ్ల ఆధారంగా కొలత మొదలుపెట్టారో కాగితంలో రాయించుకోకపోవడం. రేపు ఎవరైనా కొలతను తప్పుపడితే మొదట అడిగేది అదే. ఫలితం నచ్చనివాళ్లకు డివిజన్ స్థాయి సర్వే అధికారి దగ్గర అప్పీలుకు దారి ఉంది.

సర్వేయరు పాతిన రాయిని పీకడం, జరపడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు. రాయి పాతిన రోజే ఫోటో తీసిపెట్టుకుంటే ఈ సెక్షను పనిచేస్తుంది.

మళ్లీ చెప్పాలి: సర్వేయరు గీత చూపిస్తారు, నేల ఇప్పించరు. గీత మీ వైపు తేలినా పక్కాయన కంచె తీయనంటే తర్వాతి దారులే.

దారి 4: లోక్ అదాలత్

దీన్ని వాడుకోవాల్సినంతగా మనవాళ్లు వాడుకోరు. కేసు వేయకముందే జిల్లా లేదా మండల న్యాయ సేవల సంస్థలో అర్జీ పెట్టొచ్చు. కోర్టు ఫీజు ఉండదు. పక్కాయనను పిలిపించి మాట్లాడిస్తారు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. కానీ ఒప్పుకుని అవార్డు (రాజీ తీర్పు) రాశారా, అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. పెద్దమనుషుల తీర్పులో లేని బలం ఇదే. ఊళ్లో కుదిరిన రాజీని కూడా ఇక్కడికి తెచ్చి అవార్డుగా రాయించుకోవచ్చు. పక్కాయన మొండిగా రాకపోతే మాత్రం ఈ దారి అక్కడికక్కడే ఆగిపోతుంది.

దారి 5: సివిల్ కోర్టు

స్వాధీనం తగాదాకు చివరికి ఇదే దిక్కు. వకీలును కలిసేముందు ఒక్కటి తేల్చుకోండి: ఆ నేల ఇవాళ ఎవరి చేతిలో ఉంది?

మీ చేతిలో ఉండి, ఆయన దాటి రాబోతుంటే ఇంజంక్షన్ దావా, అంటే రాకుండా ఆపమని అడిగే దావా, చాలు. ఆయన ఇప్పటికే కంచె వేసి లోపల నిమ్మ మొక్కలు పెట్టేసి ఉంటే ఉత్త ఇంజంక్షన్ దావా నిలవదు. స్వాధీనం ఇప్పించమని, హక్కు మీదే పేచీ ఉంటే హక్కు ప్రకటించమని కూడా అడగాలి. 2008లో సుప్రీంకోర్టు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే, ఈ తేడాను వివరంగా చెప్పింది. ఫీజు తక్కువవుతుందని ఉత్త ఇంజంక్షన్ వేసి, కొన్నేళ్లకు దావా కొట్టేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

గడువులు గుర్తుంచుకోండి. బలవంతంగా ఖాళీ చేయిస్తే, హక్కు జోలికి పోకుండా స్వాధీనం మాత్రమే తిరిగి అడిగే దావాకు ఆరు నెలలు. హక్కును బట్టి స్వాధీనం అడగడానికి, అవతలివాడు అది తనదేనని బహిరంగంగా అనుభవించడం మొదలైన నాటి నుంచి 12 ఏళ్లు. ఆ గడువు దాటితే మీ హక్కే పోవచ్చు. మొహమాటపడి ఊరుకునేవాళ్లు కనీసం ఒక నోటీసు ఇచ్చి ఉంచాలి, దావాకు మాత్రం ఆ తేదీ దాటనివ్వకూడదు. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు.

కోర్టులో గీత తేల్చడానికి అడ్వకేట్ కమిషనరును, అంటే కోర్టు తరఫున నేల చూసొచ్చే వకీలును, వేయమని అడగొచ్చు. ఆయన సర్వేయరుతో కలిసి కొలిపించి నివేదిక ఇస్తారు. ముందే ఎఫ్-లైన్ కాగితం ఉంటే మీ వాదానికి బలం.

పోలీసుల గురించి, సోమవారం కలెక్టరేటు అర్జీ గురించి రెండు మాటలు చాలు. కొట్టినా, బెదిరించినా, రాయి పీకినా, కంచె తగలబెట్టినా స్టేషనుకు వెళ్లాల్సిందే. గీత కోసం వెళ్లకండి. శాంతిభద్రతల దాకా వస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు గానీ ఆయన చూసేది ఎవరి స్వాధీనంలో ఉందన్నదే, ఎవరి హక్కన్నది కాదు. కలెక్టరేటులో ఇచ్చిన అర్జీ తిరిగి తిరిగి మీ మండల సర్వేయరు బల్ల మీదికే వస్తుంది. ఆలస్యమవుతున్న కొలతను కదిలించడానికి అది పనికొస్తుంది, అంతే.

| దారి | ఏ తగాదాకు | అవతలివాళ్లు ఒప్పుకోకపోతే | కాలం | బలహీనత |
|---|---|---|---|---|
| టేపు | గీత | నడవదు | ఒక పూట | రాత లేకపోతే నిలవదు |
| పెద్దమనుషులు | కంచె | ఊరి పరువే బలం | రోజులు | చెరి సగం తీర్పు |
| ఎఫ్-లైన్ | గీత | కొలత ఆగదు | వారాల నుంచి నెలలు | స్వాధీనం ఇప్పించదు |
| లోక్ అదాలత్ | మూడూ | నడవదు | నెలలు | ఇద్దరి సమ్మతీ కావాలి |
| కోర్టు | స్వాధీనం | నడుస్తుంది | ఏళ్లు | ఖర్చు, మాటలు పోవడం |

ఎవరికి ఏది

ఊళ్లోనే ఉండే తోట రైతుకు టేపు, ఆపైన ఎఫ్-లైన్, తేలాక పెద్దమనుషులు, ఈ వరసే మేలు. వరస తిరగేస్తే ఖర్చు రెండింతలు.

పంపకాల్లో వచ్చిన నేల అయితే సబ్‌డివిజన్, అంటే సర్వే రికార్డులో ఎవరి ముక్క వారికి విడగొట్టడం, అయ్యిందా లేదా చూడండి. కాకపోతే మీ ఇద్దరి మధ్య గీతే రికార్డులో లేదు, సర్వేయరు దేన్ని చూసి కొలుస్తారు? ముందు పంపకం దస్తావేజు, సబ్‌డివిజన్, ఆ తర్వాతే హద్దు కొలత.

గ్రామకంఠం పెరట్లో ఎఫ్-లైన్ కోసం తిరిగి కాలం పోగొట్టుకోకండి. రెండిళ్ల పాత దస్తావేజులూ తెచ్చి ఒకరి హద్దు మాట ఇంకొకరి దస్తావేజులో ఎలా ఉందో కలిపి చదవండి. ‘పడమర ఫలానావారి గోడ’ అని మీదాంట్లో ఉండి, ‘తూర్పు నా స్వంత గోడ’ అని ఆయనదాంట్లో ఉంటే గోడ ఎవరిదన్న పేచీ అక్కడే తెగింది. రాజీని లోక్ అదాలత్ అవార్డుగా రాయించుకోండి.

దూరంగా ఉంటూ ప్లాటో తోటో కొన్నవాళ్లకు మొహమాటం కన్నా కాగితం ముఖ్యం. కొన్న నెలలోనే కొలిపించి నాలుగు మూలలా రాళ్లు పాతించండి. కొనబోయేవాళ్లు ఇంకా ముందే, బయానా ఇచ్చే ముందే, అమ్మేవాళ్ల ఖర్చుతో కొలిపించమని అడగాలి. వాళ్లు కుదరదంటే అనుమానించండి.

గీత తేలాక ఏ కంచె

గీత తేలకముందు రాతి స్తంభం ఒక్కటి కూడా పాతకండి. కంప తీసేయడం సులువు, రాయి పీకడం పరువు సమస్య.

చిల్లకంప చవక, ఒకటి రెండేళ్లకే పుచ్చిపోతుంది, పైన చెప్పినట్టు నడుస్తుంది. తప్పదంటే రెండు మూలల మధ్య నైలాన్ తాడు లాగి ఏటా ఆ తాడు వెంటే వేయండి. వాక్కాయ, గచ్చ లాంటి జీవకంచె పశువుల్ని బాగా ఆపుతుంది. కానీ దట్టం కావడానికి రెండు మూడేళ్లు, మూడు నాలుగు అడుగుల వెడల్పు తింటుంది. గీత మీద నాటితే ఇద్దరికీ చెరి రెండడుగులు పోతాయి, కాబట్టి ఇద్దరి సమ్మతి ఉండాలి.

ఈ ప్రాంతపు తోటలకు రాతి స్తంభాలు, ముళ్లతీగే నికరం. 200 అడుగుల హద్దుకు 8 అడుగులకు ఒకటి చొప్పున 26 స్తంభాలు. 7 అడుగుల రాయిలో 2 అడుగులు భూమిలో. మూలల్లోనూ, తీగ బిగించే చివరల్లోనూ ఏటవాలు ఊతరాళ్లు తప్పనిసరి. అవి లేకపోతే తీగ బిగువుకు మూల రాయి లోపలికి వంగి, మొదటి తుపానుకే వరసంతా వదులవుతుంది. అయిదు వరసలకు తీగ 1,000 అడుగులు, అంటే 305 మీటర్లు. ముడులు, బిగింపు కలుపుకుని 325 మీటర్లు తీసుకోండి. కేజీకి వచ్చే మీటర్లు గేజిని బట్టి మారతాయి కాబట్టి కొట్లో బరువుతో పాటు మీటర్లు అడగండి. కింది వరసను నేలకు 6 అంగుళాల్లో పెట్టకపోతే పందులు దూరతాయి. పందుల కోసమని ఇంటి కరెంటు తీగకు కలపడం మాత్రం మనిషిని చంపే పని, జైలుకు పోయే పని. విడిగా దొరికే సోలారు కంచె యంత్రం వేరు, అది క్షణకాలం మాత్రమే తగిలే షాకు ఇస్తుంది.

ఇంటి స్థలానికి గోడ కడితే పునాది గుర్తుంచుకోండి. 9 అంగుళాల గోడకు పునాది రెండు, రెండున్నర అడుగుల వెడల్పు తీస్తారు. గోడ ముఖం గీత మీద ఉంటే పునాది పది అంగుళాల దాకా పక్కాయన నేలలోకి పోయినట్టే. ఉమ్మడి గోడ అయితే గీత గోడ నడిమిలో ఉండాలి, ఖర్చు చెరిసగం, ఎవరు ఎటు మేకు కొట్టాలన్నా ఇద్దరికీ హక్కు. సొంత గోడ అయితే పునాదితో సహా మీ వైపే జరగండి. ఆ అడుగు పోయినా, కూల్చమని అడిగే మాట ఉండదు.

నీళ్లు మరిచిపోకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలకు వాలు మీది నీళ్లన్నీ గోడకు తగిలి నిలుస్తాయి. పది అడుగులకు ఒక తూము వదలండి. పాతికేళ్లుగా పక్కాయన నీళ్లు మీ నేల మీదుగానే పోతుంటే, గోడ కట్టి ఒక్కసారిగా ఆపే హక్కు మీకు ఉండకపోవచ్చు. 20 ఏళ్ల నిరాటంక వాడుక ఈజ్‌మెంట్ హక్కుగా, అంటే పక్కవాడి నేలను ఆ పనికి వాడుకునే హక్కుగా, మారుతుంది.

జామాయిల్, సరుగుడు వేసేవాళ్లు మొదటి వరసను హద్దుకు ఆనించకండి. ఎన్ని అడుగులన్నది కంచె ఒప్పందంలోనే రాసుకోండి. వేళ్ల పోటీ తగ్గించాలంటే హద్దు వెంట మూడడుగుల లోతు కందకం తీసి, ఏటా ఒకసారి పూడిక తీయాలి. కందకం తీసే జేసీబీ గంటల ఖర్చు చెట్లు వేసినవాళ్లదే అనుకుంటే తర్వాత గొడవ రాదు. హద్దు దాటి మీ వైపు వాలిన కొమ్మను, అవతలి నేలలోకి అడుగుపెట్టకుండా, గీత దాకా కొట్టుకోవచ్చు. కొట్టే ముందు ఒక మాట చెప్పండి. కొట్టిన కలప పక్కాయనది, ఆయన గెనిమ మీద పెట్టేయండి.